దండనీతియు జన్మభేదమును

ఈ వార్షిక మహాసభా సంచికకు మన కులపూర్వచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గమువారు నన్ను గోరియుండిరి. గోత్రములను గూర్చియు, ఇంటిపేరులను గూర్చియు, ప్రాచీనశాసనములందు గానవచ్చు మనవారి దానధర్మములను గూర్చియు నాకంటె సమర్థులైనవారు పూర్వసంచికలలో విపులముగా వ్రాసియే యున్నారు. పుట్టుకను జూచి గౌరవించుట యెట్లో మనము ప్రతివత్సరమును జెప్పుకొనుచున్నాము. పుట్టుకను జూచి శిక్షించుట యెట్లు జరిగినదో కూడ నొకసారి చెప్పుకొనుట యనుచితము గాదని తోచినది. కావున దండాధికారము చేతబట్టినవారు కులమును, కలిమిని జూచి బెత్తమెత్తిన చరిత్రమును, ముఖ్యముగా మన తెలుగునాటికి సంబంధించినంతవఱకు, ఇందు వ్రాయుచున్నాను. సహృదయులు ఓపికతో జదువ బ్రార్థన.

విషయమునకు మొదలు కాళిదాసునందే కలదు. అభిజ్ఞానశాకుంతలమున షష్ఠాంకమునకు ముందున్న ప్రవేశకమును సంస్కృతము చదివినవారందఱు నెఱుగుదురు. శక్రావతారవాసియగు నొక జాలరికి జేపకడుపులో రాజముద్రిక దొరకినది. దాని నమ్మజూపుచుండగా సూచకుడు, జానుకుడు నను నిరువురు భటులు వానిని బట్టి, చేతులు వెనుకకు గట్టి, కొట్టుచు దీసికొనిపోవుదురు. నీవు గొప్ప బ్రాహ్మణుడవని రాజు దానమిచ్చెనా యని యెకసక్కెమాడుదురు. వాని వృత్తిని విని, నగరరక్షణాధికారియగు రాజుగారి బావమఱది, ఎంత పవిత్రమైన జీవనమని నవ్వును. విచారణ ముగియకమున్నే, వీనికి వధ్యమాల గట్టుటకు జేతులు దురదపెట్టుచున్నవని యొక భటుడు తొందరపడును. తుదకు రాజు ఉంగరపు వెలకు సరియగు ధనమును జాలరికి బహుమానముగా నిప్పింపగా, ఆ భటులే యసూయతో జూతురు. వాడు సగము వారికి బంచిపెట్టును. అందఱును గలసి సారాయంగడికి బోవుదురు.

పండితులు దీనిని హాస్యరసమునకు నుదాహరణముగా జెప్పుదురు. నేనును ముప్పది యేండ్లు పాఠము చెప్పితిని. బాలురు నవ్వుచునే యుందురు. కాని యందలి క్రమమును గమనింపుడు. దెబ్బ మొదట, కులమును గూర్చిన పరిహాసము పిమ్మట, విచారణ యా తరువాత, మామూలు చివర. ఆ యుంగరమే యొక శ్రేష్ఠికుమారుని చేత గనబడియున్నచో నా క్రమ మట్లే యుండెడిదా?

శాస్త్రగ్రంథములను జూచినను రెండు విధములైన మాటలు గానవచ్చును. కౌటిల్యుని యర్థశాస్త్రమున, కంటకశోధనమను నాలవ యధికరణమునందు, అనుమానితునిచే నిజము పలికించుటకై హింసను విధించు ప్రకరణమే గలదు. దానిని దాచుట చరిత్రకారునికి దగదు. బాలురను, వృద్ధులను, రోగులను, ఆకలిదప్పులతో డస్సినవారిని హింసింపరాదనియు, గర్భిణిని, బాలింతరాలిని విడువవలెననియు నందు గలదు. వేదవిదుడగు బ్రాహ్మణుని, తపస్విని మాత్రము గూఢచారులచే బరిశీలింపజేయవలయును గాని హింసింపరాదనియు గలదు. మొదటిది దయ, రెండవది పక్షపాతము. అయినను ఆ ప్రకరణముననే మాండవ్యుని ప్రస్తావన గలదు. దొంగ కాకపోయినను హింసకు వెఱచి దొంగనని యొప్పుకొన్నవాడు మాండవ్యుడు; కావున నొప్పుకోలు చాలదు, రుజువు సమగ్రముగా నుండవలెనని కౌటిల్యుని తాత్పర్యము. మఱియు ననుమానింపదగినవారిని జెప్పునపుడు, తన దేశమును, జాతిని, పేరును మఱుగుపఱచి వేఱుగా జెప్పుకొనువాడు, మితిమీఱిన వ్యయము చేయువాడు, రహస్యముగ బ్రతుకువాడు నని నడవడిని బట్టియే చెప్పినాడు. మనుస్మృతియందు, తెలిసి దొంగిలించిన శూద్రునికి 8 రెట్లు, వైశ్యునికి 16 రెట్లు, క్షత్రియునికి 32 రెట్లు, బ్రాహ్మణునికి 64 రెట్లు మొదలుకొని 128 రెట్లవఱకు దండువు చెప్పబడినది. దూషించినందుకు దండనము చెప్పునపుడు లెక్క సరిగా దలక్రిందులైనది. పూర్వులు సమదృష్టి గలవారని గాని, కేవలము క్రూరులని గాని యొక్కమాటతో దేల్చుట కుదరదు.

ఇక గ్రంథములను విడిచి మన దేశమునకు వత్తము. 1816వ సంవత్సరమున చెన్నపురి రాజధానిలో కుంపిణీవారు పోలీసు కట్టుబాటును మార్చిరి. కలెక్టరే మేజిస్ట్రేటయ్యెను. శిస్తు వసూలుచేయు తాసీల్దారే పోలీసునకు బెద్దయయ్యెను. గ్రామమున మునసబు, తలారి, కావలివాండ్రు ఆయన యాజ్ఞకు లోబడిరి. బకాయి యెంతయో నిర్ణయించువాడును, దానిని రాబట్టువాడును, రాబట్టుటలో జరిగిన దౌర్జన్యముపై ఫిర్యాదు వినవలసినవాడును నొక్కడే యైనపుడు బీదరైతు గతి యేమగునో వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఈ స్థితిని లోకమునకు వెల్లడించినవారిలో ముఖ్యుడు తెలుగువాడు. గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు 1806లో చెన్నపురిని జన్మించి, వర్తకమున ధనమార్జించి, ‘క్రెసెంటు’ అను నాంగ్లపత్రికను నడపి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించినవారు. 1853లో నింగ్లండునుండి డాన్బీ సేమూరు అను పార్లమెంటు సభ్యుడీ దేశమునకు రాగా, సెట్టిగారు ఆయనను మారుమూల జిల్లాలకు వెంటబెట్టుకొనిపోయి, శిస్తుకై రైతులను బెట్టు బాధలను గన్నులార జూపిరి. మఱుసటి సంవత్సరము పార్లమెంటులో నీ విషయమై చర్చ జరిగెను. ప్రభుత్వమువారు ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టను అను మువ్వురితో విచారణసంఘమును నియమించిరి. ఆ సంఘమునకు 1,959 ఫిర్యాదులు వచ్చినవి. అందు 519 మంది స్వయముగా వచ్చి చెప్పుకొనిరి. 1,440 జాబులరూపమున జేరినవి. రైలు లేని దినములలో, తాసీల్దారు కంటబడకుండ, తిండి మూట గట్టుకొని చెన్నపురికి నడచివచ్చిన 519 మందిని దలచుకొన్నచో, రాలేక యూరనే యుండిపోయినవా రెందఱోయని మనస్సు కలగును.

1855లో బ్రకటింపబడిన నివేదికలోని హింసల పట్టికను జదువుట కష్టము. మండుటెండలో వంగి నిలుచుండజేయుట, మెడను గాలి బొటనవ్రేళ్లకు ద్రాటితో బిగించికట్టి యట్లే యుంచుట, రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్లను బెట్టి నొక్కుట, నిద్రపోనీయకుండుట, అన్నము నీరు నడ్డగించుట, కన్నులలో ముక్కులో గారము వేయుట. వీనికి దోడు, జుట్టును గాడిద తోకకో గేదె తోకకో కట్టుటయు, మెడలో నెముకల దండ వేయుటయు గలవు. కడపటి రెండింటిలో దేహబాధ స్వల్పము. అవి కులమర్యాదను దీయుటకై కల్పింపబడినవి. అనగా హింసించువాడు హింసింపబడువాని పుట్టుకను బాగుగా నెఱిగి, ఎవనికి ఎక్కడ దగులునో లెక్కించి కొట్టెడివాడు. పోలీసు కేసులలోని హింస శిస్తు హింసకంటె దారుణమైనదని సంఘమువారు గుర్తించిరి. ఆ పోలీసువలన దొంగలకు భయము లేదనియు, సాధువులకే భయమనియు, దానిని పూర్తిగా నెత్తివేసినను ప్రజల సొత్తునకు గ్రొత్తగా వచ్చు నష్టమేమియు లేదనియు వ్రాసిరి.

ఇంత స్పష్టముగా వ్రాసినవారు ఒక్కచోట మాత్రము కలమును వెనుకకు లాగిరి. దోషమంతయు నల్లచర్మముగల యుద్యోగులదే యనియు, తెల్లదొరల కిందు బాలు లేదనియు దేల్చిరి. బెత్తము తలారిది, ఆజ్ఞ తాసీల్దారుది. ఈ మాట నిజమే. కాని యా బెత్తముచే రాలిన రూపాయి యెవరి ఖజానాకు జేరినదో యా ప్రశ్న నివేదికలో దగినంతగా వేయబడలేదు. జాతిపక్షపాతము దెబ్బలోనే కాదు, దెబ్బను విచారించుటలోను నుండవచ్చునని దీనివలన దెలియుచున్నది.

నివేదికకు ఫలముగా 1859లో మద్రాసు పోలీసు చట్టము పుట్టెను. పోలీసును రెవిన్యూనుండి వేఱుచేసి, విలియం రాబిన్సను దొరను దానికి బ్రథమాధికారిగా నియమించిరి. ఇది మేలే. అయితే మాదిరిగా దీసికొన్నది లండను నగరపు పోలీసును గాక ఐర్లండు పోలీసును. లండను పోలీసు స్వజనమును గాచుటకు, ఐర్లండు పోలీసు జయింపబడిన ప్రజ నదుపులో నుంచుటకు నేర్పడినవి. ఆ చట్టము మన రాష్ట్రములు వేఱుపడిన పిమ్మటను ఆంధ్రప్రాంతపు జిల్లా పోలీసు చట్టమను పేరుతో నిలిచియేయున్నది. 1872 నాటి సాక్ష్యచట్టమున, పోలీసు ఉద్యోగియెదుట జేసిన యొప్పుకోలు న్యాయస్థానమున జెల్లదని వ్రాసిరి. మాండవ్యుని గోడు రెండువేల యేండ్లకు చట్టమునకెక్కెనన్నమాట. 2024 జూలై 1 నుండి యమలునకు వచ్చిన క్రొత్త సాక్ష్యచట్టమునందును ఆ నియమము నిలిచినది. తమ పోలీసును దామే నమ్మని ప్రభుత్వము చేసిన యీ నియమము వింతయే. అయినను నెందఱో నిరపరాధులను గాపాడినది.

ఇట్లు ఒకచేత నొప్పుకోలును ద్రోసివేసిన ప్రభుత్వమే, రెండవచేత ఒప్పుకోలే యక్కఱలేని మార్గమును గనిపెట్టెను. అదియే 1871 నాటి నేరజాతుల చట్టము. స్థానికప్రభుత్వము ఒక తెగను ‘నేరములకు వ్యసనపడిన’ తెగ యని ప్రకటించిన జాలును. ఆ తెగవారి పేరులు రిజిస్టరులోని కెక్కును. వారు పోలీసునకు జెప్పక యూరు విడువరాదు. పిలిచినపుడెల్ల హాజరు చెప్పుకొనవలయును. ఆ ప్రకటన సరియా కాదాయని యడుగు నధికారము న్యాయస్థానములకు లేకుండ జేసిరి. ఒకడు దొంగతనము చేసెనని రుజువు చేయ నక్కఱలేదు. దొంగజాతిలో బుట్టెనని రిజిస్టరులో నుండిన జాలును.

ఈ చట్టమునకు జెప్పిన యుపపత్తిని మనము శ్రద్ధతో వినవలసియున్నది. ఈ దేశమున వడ్రంగి కొడుకు వడ్రంగి, నేతగాని కొడుకు నేతగాడు, ఇట్లు వృత్తులన్నియు జన్మసిద్ధములైనపుడు, నేరమే కులవృత్తిగా గలవారును నుండితీఱవలెను గదా, అట్టివానిని బాగుచేయుట యసాధ్యము గదా, ఇది వాదము. దొరల దేశమున జిప్సీలను గూర్చి యిట్టి యభిప్రాయములు లేకపోలేదు. కాని యీ తర్కమునకు గావలసిన పనిముట్లన్నియు వారికి మన యింటనే దొరకినవి. మహాశయులారా, మన సభలలో నుపన్యాసకులు ‘ఫలాని సద్గుణము మన రక్తములోనే యున్న’దని చెప్పగా మనము కరతాళధ్వనులు చేయుచుందుము. నేనును జేసినవాడనే. గుణము రక్తమున వచ్చునన్న, అవగుణమును రక్తమున వచ్చునని యొప్పుకొనవలసివచ్చును. 1871లో శాసనసభ యొప్పుకొన్నది ఆ రెండవ భాగమునే.

మొదట నుత్తరదేశమునకే పరిమితమైన యీ చట్టము 1911లో జేసిన క్రొత్తచట్టముతో మన చెన్నపురి రాజధానికిని వచ్చెను. తెలుగునాట దీని బరువు మోసినవారిలో ముఖ్యులు ఎఱుకలవారు. వారు మొదటినుండి దొంగలుగా బ్రతికినవారు కారు. గాడిదలమీదను, ఎద్దులమీదను సముద్రతీరమునుండి యుప్పు నెత్తికొనిపోయి, లోపలి జిల్లాలలో ధాన్యమునకు మార్చుకొనుచు, బుట్టలల్లుచు, స్త్రీలు ఎఱుక చెప్పుచు జీవించినవారు. ఉప్పుపై ప్రభుత్వపు గుత్తాధికారము బిగిసెను. పిమ్మట రైలు వచ్చి వారి గాడిదల పనిని దాను జేసెను. 1876 మొదలు 1878 వఱకు ధాతకఱవు ధాన్యమును మ్రింగెను. వారితో బాటు లంబాడీల పెరికెద్దుల వర్తకమును జెడెను. బ్రతుకుదెరువు పోయిన సంచారిని జూచి, ఇల్లువాకిలి లేక తిరుగువాడు దొంగ గాక మఱేమని యనుకొనుట స్థిరనివాసులకు సులభము. ఇచ్చట నొక్క విషయము మఱువరాదు. రిజిస్టరులోని పేరులకు సాక్ష్యము చెప్పినవారు దొరలు గారు. గ్రామమునసబులు, కరణములు, పెద్దరైతులు. అనగా మన తాతలవంటివారు.

1913, 1914 ప్రాంతమున బాపట్లకు సమీపమున నొక సెటిల్మెంటు వెలసెను. గవర్నరుగారి కార్యాలోచనసభ్యుడగు సర్ హెరాల్డు స్టూవర్టు పేరిట స్టూవర్టుపురమని దానికి నామకరణము చేసి, సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణమున నుంచిరి. బెజవాడ కెదుట సీతానగరమునను నట్టిదే వెలసెను. నెల్లూరు మండలమున కావలి సెటిల్మెంటును అమెరికను బాప్టిస్టు మిషనువారు నడపిరి. బడులు, వైద్యము, వ్యవసాయము నచ్చట నేర్పడినవి, దానిని గాదనరాదు. కాని తలుపు బయటనుండియే గడియ వేయబడియుండెను. హాజరు, వ్రేలిముద్ర, ఊరు దాటుటకు జీటీ. అవసరమన్నచో బిడ్డలను దల్లిదండ్రులనుండి వేఱుపఱచు నధికారముకూడ జట్టమున నుండెను. అనుమానాస్పదముగా గనబడిన యంతమాత్రమున మూడేండ్లవఱకు జెఱ; కొన్ని నేరములకు రెండవసారి శిక్షపడిన ఏడేండ్లకు దక్కువ గాదు; మూడవసారి యావజ్జీవద్వీపాంతరము. అదే నేరమును మఱియొక కులమువాడు చేసిన నింత శిక్ష లేదు. చీరాల పొగాకు కంపెనీవారికి స్టూవర్టుపురపు స్త్రీపురుషులు చవుకగా గూలికి దొరకిరి; పాఱిపోయిన బోలీసులు పట్టితెత్తురు గదా.

ఈ రిజిస్టరును దిరస్కరించినవారికి దగిలినది బెత్తము మాత్రమే కాదు. 1920 ఏప్రిల్ 3వ తేదిని మధుర జిల్లాలోని పెరుంగామనల్లూరున గళ్లరులు వ్రేలిముద్రలు వేయమని నిలువగా బోలీసులు తుపాకులు పేల్చిరి. ఒక స్త్రీతో గూడ 16 మంది మడిసిరి. దేశమంతయు బంజాబు జలియన్‌వాలాబాగునకై కన్నీరు కార్చుచున్న దినము లవి. ఒక సంవత్సరమైనను గడవకమున్నే దక్షిణమున జరిగిన యీ కాల్పులను గూర్చి మన పాఠ్యపుస్తకములలో నొక్క వాక్యమైనను నేను జూచియుండలేదు. చనిపోయినవారు నేరజాతివారని యదివఱకే పేరు పడియుండుటచే గాబోలు.

1936 అక్టోబరులో జవాహర్‌లాల్ నెహ్రూగారు నెల్లూరున మాటలాడుచు, ఒక జాతినంతను నేరజాతి యనుట నాగరకసూత్రములకు విరుద్ధమని యీ చట్టమును దీవ్రముగా ఖండించిరి. నెల్లూరువాసులగు వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదులకొఱకును, ఎఱుకలవారికొఱకును దమ జీవితమును ధారవోసి, ఈ చట్టము రద్దుకై పాటుపడిరి. 1947లో మద్రాసు ప్రభుత్వము దీనిని రద్దుచేసెను. దేశమంతట దీని స్థితిని విచారించుటకై 1949లో నియమింపబడిన సంఘమునకు మన తిరుపతి ప్రాంతమువారగు మాడభూషి అనంతశయనము అయ్యంగారుగా రధ్యక్షులు. 1952 ఆగష్టు 31వ తేదితో నది దేశమంతట దొలగెను. ఆ జాతులకు విముక్తజాతులని పేరు వచ్చెను.

విముక్తి కాగితముమీద బూర్తియైనది. రద్దుకు మఱుసటి యేడే, 1948లో, మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టము వచ్చెను. 1962లో నాంధ్రప్రదేశమునకు వేఱుగ నట్టి చట్టము చేయబడెను. వీనిలో గులము పేరు లేదు, వ్యక్తియే గలడు; అంతవఱకు న్యాయమే. కాని ఠాణాలోని పాతరిజిస్టరు చూచి క్రొత్తరిజిస్టరు వ్రాయువానికి జట్టము మాఱినదని యెవరు చెప్పవలెను? మనము దుర్మార్గుని ‘కేడీ’ యని తిట్టుదుము. అది తెలుగు గాదు, సంస్కృతము గాదు. పోలీసు రిజిస్టరులోని ‘నోన్ డెప్రెడేటర్’ అను మాటలకు మొదటి యక్షరములు. అనగా, ఎఱుగబడిన దోపిడికాడని. ఠాణా పుస్తకమునుండి తల్లి బిడ్డను దిట్టు తిట్టువఱకు ఆ మాట నడచివచ్చినది.

నేను పనిచేసిన యొక పాఠశాలలో, దాని పేరిచ్చట ననవసరము, ఒక సంపన్నుని కుమారుని రేఖాగణితపు బెట్టె కనబడకపోయెను. సెటిల్మెంటునుండి వచ్చు నొక పిల్లవాని సంచి నొక్కదానినే యొక యుపాధ్యాయుడు బోర్లించెను. పెట్టె సాయంకాలము పోగొట్టుకొన్నవాని యింటనే దొరకెను. ఆ పిల్లవాడు మఱునాటినుండి తరగతిలోనికి రాగానే తన సంచిని దానే తెచ్చి బల్లమీద బెట్టి, తరువాత బోయి కూర్చుండెడివాడు. ఆ సంవత్సరాంతమువఱకు నట్లే చేసెను.

స్టూవర్టుపురమున హేమలతా లవణముగారు, మహాకవి జాషువగారి కుమార్తె, తమ భర్తగారితో గలసి యేండ్లతరబడి పనిచేసి, దొంగతనము విడిచినవారికి బునరావాసము గల్పించిరి. ఆ యూరనుండి యుద్యోగులును, విద్యావంతులును వచ్చిరి. అయినను 1991లోను, 2023లోను వచ్చిన చలనచిత్రములు ఆ యూరిని దొంగల పేరుతోనే ప్రేక్షకులకు జూపినవి.

చివరకు 2024 అక్టోబరు 3వ తేదిని సుప్రీముకోర్టువారు, ఒక పత్రికారచయిత్రి వేసిన వ్యాజ్యముపై దీర్పు చెప్పిరి. కారాగారములలో గులమును బట్టి వంటయు, పాకీపనియు బంచుట రాజ్యాంగవిరుద్ధమనిరి. విముక్తజాతులవారిని బుట్టుక చేతనే అలవాటు నేరస్థులుగా నెంచు కారాగారనియమములను గొట్టివేసిరి. ఆ జాతులవారిని నిష్కారణముగా నిర్బంధింపకుండ, అరెస్టును గూర్చి యదివఱకు తాము చేసిన విధులను బాటింపవలసినదని పోలీసువారి నాజ్ఞాపించిరి. ఖైదీల రిజిస్టరులో గులము వ్రాయు గడిని దొలగింపుడనిరి. ఆనాటికి 1871 చట్టము పుట్టి 153 సంవత్సరములు. రద్దయి 72 సంవత్సరములు.